ఆరువందల మాటల బెల్లం

ఎదురింటి చిట్టెమ్మకి తోటికోడలు చెప్పిందట, తోటికోడలికి సంఘం ఆఫీసు ఊడ్చే మనిషి చెప్పిందట: పాలగెడ్డ బెల్లం సంఘంలో బ్లాగు అని ఒకటి పెట్టారట. దానికి రెండు పూటలా మేత పడాలట. మేతంటే గడ్డీ గాదం కాదు, రాత. ఒక పూట మేత తప్పితే జిల్లా వాళ్ళకి తెలిసిపోతుందట. మూడు రోజులు తప్పితే వాళ్ళే వచ్చి కరెంటు పీకేస్తారట. ఉండేది కంప్యూటర్లోనే గాని, పాడి గేదె కంటే దానికే చాకిరీ ఎక్కువట. పాలు మాత్రం ఇవ్వదట.

నూకాలమ్మ పొయ్యిలోకి చితుకులు ఎగదోస్తూ ఇదంతా విని, దాంతో తనకేం పని అనుకుంది. ఆమెకి గెడ్డ ఒడ్డున ముప్పై సెంట్ల చెరకుంది. గురువారం నాడు సంఘం క్రషర్ మీద ఆమె వంతు. పాలగెడ్డలో వంతంటే పెళ్ళి ముహూర్తం కన్నా పెద్దమాట. ముహూర్తం తప్పితే ఇంకోటి దొరుకుతుంది. నరికిన చెరకు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. మర్నాటి దాకా తీపి మాట వింటుంది, మూడోనాటికి పులుపు తిరగడం మొదలెడుతుంది, నాలుగో నాడు పెనం ఎక్కిస్తే అచ్చులో పోసింది పోసినట్టే జారిపోతుంది. ఏడాది పొడుగునా నీళ్ళు కట్టి, ఆకు చుట్టి, నక్కల్ని తోలింది ఆ ఒక్క రోజు కోసమే. అందుకని బుధవారం పొద్దున్నే కత్తి పట్టి చేలో దిగింది.

ఆ బ్లాగు ఊరికే రాలేదు. దాని వెనక ఒక ఏడాది ఆలోచన ఉంది. ప్రమాదమంతా అక్కడే వచ్చింది.

సంఘానికి కిందటేడు ముఖ్య కార్యనిర్వహణాధికారి అని ఒకాయన వచ్చాడు. పేరు విశ్వేశ్వర్. పేరు కన్నా హోదా పొడుగు కాబట్టి ఊరు ఆ రెండూ వదిలేసి ఆయన్ని ఆఫీసరు బాబు అంది. చెడ్డవాడు కాదు. ఎవరినీ కసురుకోడు, ఎవరిదీ ముట్టడు. పట్నంలో ప్రచారం గురించి ఆరు వారాలు శిక్షణ పొందాడు, అదొక్కటే జబ్బు. బెల్లం వండితే అమ్ముడవుతుందని ఊరు అనుకుంటూ ఉండగా, అమ్ముడవాలంటే ముందు దాని గురించి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట బాగుందని రాయాలని ఆయన కనిపెట్టాడు.

మొదట పైవాళ్ళకి డబ్బిచ్చి రాయించాడు. బ్లాగుల్లో సమీక్షలు రాసేవాళ్ళు ముగ్గురు దొరికారు. ఒకాయన పాలగెడ్డ బెల్లం నాలుక మీద పడగానే వెన్నెలలా కరిగిందని రాశాడు. ఆయనకి పంపిన పార్సిలు అప్పటికింకా బస్టాండులోనే ఉంది, దాన్ని చీమలు సమీక్షిస్తున్నాయి. రెండో ఆవిడ కరకరలాడిందని రాసింది. ఆవిడ అదే వారం ఒక జంతికల కంపెనీకి కూడా రాస్తోందని తర్వాత తెలిసింది. మూడో ఆయన పాపం నిజంగానే తిన్నాడు. తిని, బెల్లం బాగుంది, చివర్న సన్నగా ఉప్పందనం తగులుతోంది, అక్కడి నీటి గుణం కాబోలు అని రాశాడు. డబ్బు తీసుకొని రుచి చూడడం ఒప్పందానికి విరుద్ధమని ఆఫీసరు బాబు ఆయనకి ఉత్తరం పంపాడు.

అంతలో జిల్లా విపణి వికాస విభాగం నుంచి సర్క్యులర్ వచ్చింది.

"సమస్త సంఘములకు తెలియజేయడమేమనగా, పరవాణి ద్వారా పొందిన ప్రశంస పరుల ఇంటి భోజనము వంటిది. స్వవాణియే శాశ్వతము. కావున ప్రతి సంఘమును స్వంత బ్లాగు నెలకొల్పి, దినమునకు రెండు వ్యాసములు, వ్యాసమొక్కింటికి ఆరువందల మాటలకు తగ్గకుండ, ఫొటో సహితముగ ప్రచురించవలెను. మూడు దినములు మౌనము వహించిన సంఘము నిద్రాణ సంఘముగ పరిగణింపబడి, సదరు సంఘపు క్రషరునకు విద్యుత్తు నిలుపుదల చేయబడును."

బెల్లం ఎంత వండాలో సర్క్యులర్‌లో లేదు. గుమస్తా జోగారావు వెనక్కి తిప్పి కూడా చూశాడు. లేదు.

కమిటీ కూర్చుంది. డబ్బిచ్చి సమీక్షలు రాయించడం మేలా, సొంత బ్లాగు మేలా అని రెండు గంటలు తర్జనభర్జన అయింది. అధ్యక్షుడు కూర్మినాయుడుకి డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. తొందరగా లేద్దామని, అబద్ధం ఆడించడానికి పైవాళ్ళకెందుకు డబ్బులు, మన ఊళ్ళో ఆడేవాళ్ళు లేరా అన్నాడు. హాస్యానికే అన్నాడు. మినిట్స్ పుస్తకంలోకి ఎక్కేసరికి అది, "స్థానిక ప్రతిభకు పట్టం కట్టవలెనని అధ్యక్షులవారు ఉద్ఘాటించిరి" అయింది. తీర్మానం ఏకగ్రీవం.

మొదటి అయిదు రోజులూ ఆఫీసరు బాబే రాశాడు. బెల్లం చరిత్ర, బెల్లం ఆరోగ్యం, బెల్లం – మహిళ, బెల్లం – యువత, బెల్లం నుంచి నేర్చుకోదగ్గ నాయకత్వ లక్షణాలు. ఆరో రోజుకి బెల్లం గురించి చెప్పేందుకు లోకంలో ఏమీ మిగల్లేదు. ఏడో రోజు పొద్దున సంఘం గోడ మీద ఎర్ర అక్షరాలతో కొత్త నిబంధన వెలిసింది: పోస్టు లేనిదే పొయ్యి లేదు. చెరకు తెచ్చిన రైతు ముందు తన చెరకు మీద ఆరువందల మాటలు రాసివ్వాలి. అప్పుడే క్రషర్ తిరుగుతుంది.

మంగళవారం నాడు ఇంకో సంగతి జరిగింది. పెనం దగ్గర పాకం చూసేది దాలినాయుడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. పాకం తీగ సాగి, నీళ్ళలో వేస్తే ముద్దకట్టే ఘడియ ఒకటుంటుంది. అది రెప్పపాటు. ఆ రెప్పపాటులో పెనం దింపితే బెల్లం, దాటితే బొగ్గు. సరిగ్గా ఆ ఘడియలో ఆఫీసరు బాబు ఫోను పట్టుకొని ఎదురుగా నిలబడి, గరిటె అలాగే ఎత్తి ఉంచమన్నాడు. వెలుగు చాల్లేదని ఇటు తిరగమన్నాడు. కొంచెం నవ్వమన్నాడు. దాలినాయుడు నవ్వడం నేర్చుకునే లోపు పెనం నల్లబడిపోయింది.

ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ఆఫీసరు బాబు 'నల్ల బెల్లం: పూర్వీకులు దాచిన రహస్యం' అని రాశాడు. అది చదివిన జనం నాలుగొందల మంది వ్యాఖ్యలు పెట్టారు. మా తాతమ్మ ఇదే తినేదని ఒకాయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఎముకలకి మంచిదని ఒకావిడ ధ్రువీకరించింది. దాంతో ఇకమీదట రోజుకో పెనం మాడ్చవలసిందిగా దాలినాయుడికి లిఖితపూర్వకంగా ఆదేశం వచ్చింది. ఎంత మాడాలో కొలత ఉండాలని నల్లరంగుల అట్ట ఒకటి కూడా ఇచ్చారు.

ఇదీ నూకాలమ్మ గురువారం పొద్దున బండి మీద చెరకు మోపులు వేసుకొచ్చే నాటికి అక్కడి పరిస్థితి.

సంఘం ఆవరణలో క్రషర్ ఆగి ఉంది. పొయ్యి చల్లగా ఉంది. గదిలో మాత్రం పది మంది రైతులు బెంచీల మీద వంగి, పరీక్ష రాస్తున్నట్టు రాస్తున్నారు. క్రషర్ చప్పుడు రాతకి అడ్డొస్తోందని పది నుంచి అయిదు దాకా రచనా వేళలుగా ప్రకటించారట. ఆ తర్వాత తిప్పవచ్చు గాని, అప్పుడు ఫొటోకి వెలుగుండదు కాబట్టి అప్పుడూ తిప్పరట. తన పనేమిటని నూకాలమ్మ అడిగితే, జోగారావు కాగితాలు ముందుకు తోసి, మీ చెరకు గురించి మీరే చెప్పండి, నేను రాసుకుంటానన్నాడు. నూకాలమ్మ చెప్పింది. తన చెరకు మంచిదేననీ, కొంత నక్కలు తినేశాయనీ, మిగిలింది బండి మీద ఉందనీ. జోగారావు లెక్కపెట్టాడు. పది మాటలు వచ్చాయి.

ఆఫీసరు బాబు స్వయంగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, పాఠకుడికి సమాచారం అక్కర్లేదు, అనుభూతి కావాలి. చెరకుతో మీ అనుబంధం ఎప్పుడు మొదలైంది? మొట్టమొదటిసారి చెరకు మిమ్మల్ని స్పృశించినప్పుడు ఏమనిపించింది?"

నూకాలమ్మ ఆలోచించింది. "ఆకు కోసుకుపోయి రగతం వొచ్చింది బాబూ. పసుపెట్టుకున్నాను."

"అద్భుతం" అని ఆఫీసరు బాబు జోగారావు వైపు తిరిగి, నెత్తురూ పసుపూ పెట్టి ఒక రెండొందల మాటలు లాగమన్నాడు. మిగతా నాలుగొందలకి నక్కల్ని వాడుకోమన్నాడు. కాకపోతే వాటిని చిరుతలు చేస్తే బాగుంటుందేమో ఆలోచించమన్నాడు.

సాయంత్రానికి మోపులు ఆవరణలో దింపించి, కుప్ప పేర్పించి, ఫొటో తీశారు. పోస్టు తయారైంది. శీర్షిక 'చిరుతలతో పోరాడి తెచ్చిన తీపి'. తెల్లారేసరికి ఆరొందల మంది మెచ్చుకున్నారు. నూకాలమ్మ శుక్రవారం ఉదయం మోపులు క్రషర్ దగ్గరికి జరపబోతే, ఆఫీసరు బాబు పరుగున వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆవరణలో ఆ మోపుల కుప్ప ముందు తీసిన ఫొటో జిల్లా అంతా తిరుగుతోందనీ, జిల్లా విభాగం దాన్ని మెచ్చుకొని ఉత్తమ బ్లాగు పురస్కారానికి పరిశీలిస్తోందనీ, సోమవారం నాడు సంయుక్త సంచాలకులు గారు స్వయంగా వచ్చి అదే కుప్ప ముందు ఫొటో దిగుతారనీ, అంతవరకు ఒక్క చెరకు గడ కూడా కదపరాదనీ చెప్పాడు.

"సోమారం దాకానా? బుదారం నరికినాను బాబూ. పులిసిపోతాది."

దానికి ఆయన చాలా ఓర్పుగా సమాధానం చెప్పాడు. ఆమె చెరకు ఇప్పుడు వట్టి ముడిసరుకు కాదట, దృశ్య ఆస్తి అట. క్రషర్‌లో పెడితే ఒక రోజు బెల్లం వస్తుంది, కుప్పగా ఉంచితే ఏడాది పేరు వస్తుంది. ఆకులు వాడకుండా గంటకోసారి ముందు వైపు నీళ్ళు చల్లే ఏర్పాటు కూడా చేశానన్నాడు. పైవాళ్ళ సమీక్షలు మళ్ళీ మొదలెడుతున్నామని కూడా చెప్పాడు. ఈసారి బెల్లం మీద కాదు, బ్లాగు మీద. కిందటిసారి వెన్నెలలా కరిగిందన్న ఆయనే ఇప్పటికే రాసేశాడట, పాలగెడ్డ బ్లాగు నాలుక మీద కరిగిందని. స్వవాణీ ఉంది, పరవాణీ ఉంది, ఇక సంఘానికి కొరతేముందన్నాడు.

నూకాలమ్మ వెళ్ళి పెనం దగ్గర దాలినాయుడి పక్కన కూర్చుంది. వాడు నల్లరంగుల అట్ట పెట్టి ఈగల్ని తోలుకుంటున్నాడు. పొయ్యిలో నిప్పు లేదు. గరిటె ఎత్తుకుని నిలబడ్డమే తప్ప వండే పనే లేదనీ, ఇంట్లో పెళ్ళాం ఇవాళ ఏం వండావని అడిగితే ఏం చెప్పాలో తెలీడం లేదనీ వాపోయాడు. నూకాలమ్మ వింటున్నట్టే ఉంది గాని, చూపంతా ఎదురుగా ఉన్న కుప్ప మీదే ఉంది. ఆఫీసరు బాబు ముందు నిలబడి ఫొటో తీస్తాడు. నీళ్ళు చల్లేవాడు ముందు చల్లుతాడు. మెచ్చుకునే వాళ్ళందరూ ముందు నుంచే మెచ్చుకుంటున్నారు.

"దాలీ, ఆ కుప్పెనక్కాలకి ఎవులైనా ఎల్లినారేట్రా?"

దాలినాయుడు ఆమెని చూసి, తర్వాత కుప్పని చూసి, అట్ట కింద పెట్టాడు. "ఎవులూ ఎల్లనేదప్పా. ఎనకనేటుంటాది?"

"సెరుకుంటాదిరా."

మధ్యాహ్నం రచనా వేళ మంచి రసపట్టులో ఉండగా, నూకాలమ్మ బండి ఆవరణ వెనక గోడ పక్కన ఆగింది. అక్కడ గోడ కూలి మూడేళ్ళయింది. దాన్ని కట్టించాలని ప్రతి మీటింగులోనూ తీర్మానం చేస్తారు కాబట్టి ఎవరూ కట్టలేదు. దాలినాయుడు, చిట్టెమ్మ, చిట్టెమ్మ తోటికోడలు, ఆఫీసు ఊడ్చే మనిషి వరసగా నిలబడి మోపులు ఒకరి చేతికి ఒకరు అందించుకున్నారు. వెనక నుంచి తోడుకుంటూ వచ్చి, ముందు వైపు ఒకే ఒక్క వరస నిలబెట్టి వదిలేశారు. పడిపోకుండా వెదురు బొంగులు ఆనించారు. ముందు నుంచి చూస్తే కుప్ప కుప్పలాగే ఉంది. రెండుసార్లు జోగారావు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. రెండుసార్లూ "సంధ్యాకాంతిలో చెరకు" అనే మాట కోసం వెతుక్కుంటూ ఆకాశం చూశాడు గాని కిందికి చూడలేదు. వాడు నిజంగానే చూడలేదో, చూసి కూడా ఆకాశమే బాగుందనుకున్నాడో, అది వాడికే తెలియాలి.

గెడ్డ అవతలి ఊళ్ళో చిన్న క్రషరొకటి ఉంది. దానికి బ్లాగు లేదు, బోర్డు కూడా లేదు. దాలినాయుడు కడుపు నొప్పని సెలవు చీటీ రాసిచ్చి నేరుగా అక్కడికే వెళ్ళాడు. చెరకు మూడోనాటిది, పులుపు అంచు మీద ఉంది. రసం పెనం ఎక్కినప్పటి నుంచి నూకాలమ్మ పొయ్యి ముందే కూర్చుంది. దాలినాయుడు పులుపు విరగడానికి సున్నపు నీళ్ళు ఒక చుక్క ఎక్కువ వేశాడు, బెండ తొక్కు నలిపి ఆ జిగురు పోశాడు, పైకి తేలిన మురికి రెండుసార్లు ఎక్కువ దేవాడు. చివరికి చెంబు నీళ్ళలో ఒక బొట్టు వేసి వేలితో నొక్కాడు. ముద్ద కట్టింది. వాడి మొహం మీద ఎవరూ అడక్కుండానే నవ్వు వచ్చింది. ఫొటో తియ్యడానికి అక్కడెవరూ లేరు.

సోమవారం సంయుక్త సంచాలకులు గారు రెండు కార్లతో దిగారు. సన్మాన వేదిక కుప్ప ముందే వేశారు. ఆయన కుప్పని చూసి పరవశించి, ఇంతటి సమృద్ధిని తాను పుస్తకాల్లో కూడా చూడలేదన్నారు. చేయి వేసి నిలబడబోతే, పక్కనే ఉన్న కూర్మినాయుడు ఆనుకోవద్దని మెల్లగా వెనక్కి లాగాడు. ఆ కుప్ప సంగతి అప్పటికి ఊళ్ళో తెలియనిది ఆఫీసరు బాబొక్కడికే.

ప్రసంగం ముప్పావుగంట సాగింది. జిల్లాలోని అన్ని సంఘాల్లోకి పాలగెడ్డ సంఘమే అత్యధిక మాటలు ఉత్పత్తి చేసిందని సంచాలకులు గారు గణాంకాలతో నిరూపించారు. చదువరికి సగటున నూట నలభై మాటల చొప్పున పంపిణీ జరిగిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా అయింది, జ్ఞాపిక అయింది. ఆ సంతోషంలో ఆయన, ఇంతకీ ఆ ప్రసిద్ధమైన బెల్లం ఒక ముక్క తెప్పించండి, నోరు తీపి చేసుకుందాం అన్నారు.

ఆఫీసరు బాబు జోగారావు వైపు చూశాడు. జోగారావు దాలినాయుడి వైపు చూశాడు. దాలినాయుడు ఖాళీ పెనం వైపు చూశాడు. సంఘం ప్రస్తుతం ఉత్పత్తి పూర్వ ప్రచార దశలో ఉందని ఆఫీసరు బాబు విన్నవించాడు. అదేమిటో అర్థం కాకపోయినా సంచాలకులు గారు తలూపారు. అది మంచి దశేనని కూడా అన్నారు. అయినా నోరు మాత్రం అలాగే తెరిచి ఉంచారు.

అప్పుడు నూకాలమ్మ లేచింది. చిరుతలతో పోరాడిన మనిషని ఆమెని వేదిక మీదే, చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. కొత్త బెల్లం వండినవాళ్ళు ఎదురుపడిన వాళ్ళకి ముక్క పెట్టకుండా పోకూడదని పాలగెడ్డలో ఆనవాయితీ ఉంది. పగవాడైనా సరే చెయ్యి చాపాలి, కాదనకూడదు. ఆమె కొంగు ముడి విప్పి, అరిటాకులో చుట్టిన దిమ్మ తీసి, మోకాలి మీద పెట్టి విరిచింది. లోపల తేనె రంగు. సంచాలకులు గారికో ముక్క, ఆఫీసరు బాబుకో ముక్క, కూర్మినాయుడుకో ముక్క పెట్టింది.

సంచాలకులు గారు నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కాసేపు సర్క్యులర్లు రాసే మనిషిలా కనపడలేదు, ఎవరో మామూలు మనిషిలా కనపడ్డారు. అంతలో కళ్ళు తెరిచి, ముక్క ఇంకా తన బుగ్గన ఉండగానే ఆఫీసరు బాబుని అడిగారు.

"ఇది ఏ పోస్టులోది? దీని మీద సమీక్ష ఏది? సొంతదా, బయటివారిదా? బాగున్నట్లే అనిపిస్తోంది గాని, ధ్రువీకరణ లేకుండా బాగుందని నేనెలా అనేది?"

ఆఫీసరు బాబు ఫోను తీసి వెతకడం మొదలెట్టాడు. పైకి తోశాడు, కిందికి తోశాడు. దొరకలేదు. జోగారావు కూడా తన ఫోను తీశాడు. వేదిక ముందున్న జనం మెడలు చాచి చూస్తున్నారు.

నూకాలమ్మ అరిటాకు మడిచి కొంగున కట్టుకుంటూ అంది. "మీ నోట్లోనే ఉన్నాది కదా బాబూ. ఇంకెవుల్నడుగుతారు?"